మూడో ఓటు

ఆసుపత్రి వార్డులో మధ్యాహ్నం, చూడ్డానికి వచ్చినవాళ్ళను లోపలికి వదిలే వేళ. మంచం మీద బస్సు కండక్టరు, పక్షవాతంతో నోరు పడిపోయి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెరోవైపు స్టూళ్ళ మీద అతని స్నేహితులు, ఒక టైలరు, ఒక కరెంటు పనివాడు. ముగ్గురూ ఒకే ఫుట్‌బాల్ క్లబ్బు కోసం ఒకే బెంచీ మీద కూర్చుని ఇన్నేళ్ళూ గొంతులు చించుకున్నవాళ్ళు.

"ఫైనల్లో రెండు గోల్స్ కొట్టినవాణ్ణి పట్టుకుని గొప్పోడు కాదంటావేంట్రా టైలరూ? అవి కళ్ళా, కాజాలా?"

"మెల్లగా మాట్లాడరా కరెంటూ. పేషెంటున్నాడు."

"పేషెంటు వినాలనేగా గట్టిగా మాట్లాడేది! ఒరేయ్ కండక్టరూ, వింటున్నావా? గుర్రం గురించి చెప్తున్నా. మన గుర్రం!"

"గుర్రమట, గుర్రం. పరిగెత్తడం తప్ప ఏం వచ్చు వాడికి? మేస్త్రిని చూడు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు, బంతిని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేవాడు. జనం ఊరికే మేస్త్రి అన్నారా?"

"పేర్చాడు పేర్చాడు. పెనాల్టీ తీసుకెళ్ళి గ్యాలరీ పైకప్పు మీద పేర్చాడు."

"ఒక్క పెనాల్టీ రా! ఎన్నేళ్ళు సాధిస్తావు?"

"దాంతోనేగా కప్పు పోయింది! వాడింటి ముందు డబ్బాలు కొట్టి, వాడు బయటికొచ్చి చేతులెత్తి దణ్ణం పెట్టేదాకా మనం వదల్లేదు, గుర్తుందా?"

"మనం కాదు. నువ్వు."

"నేను కొట్టాను, డబ్బా నువ్వు పట్టుకున్నావు. వీడు విజిలూదాడు. ఏరా కండక్టరూ, ఊదావా లేదా?"

"మరి మీ గుర్రం ఇప్పుడెక్కడున్నాడో తెలుసా? పెట్రోలు బంకులో. మోకాలు వంగదు. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు."

"మోకాలు పోయినా సూదిమందు పొడిపించుకుని ఆడాడు. దాన్నిరా గొప్పతనం అంటారు."

"ఆడాడా, ఆడించామా? వాణ్ణి దించితే కుర్చీలు విరగ్గొడతామని అరిచిందెవరు?"

"మనమే. అభిమానం అంటే మరేంటనుకున్నావు?"

"సర్లే, ఈ సోదంతా ఎందుకు. సాయంత్రం అభిమానుల సంఘం మీటింగు. కొత్త గ్యాలరీకి ఎవరి పేరు పెట్టాలో బెంచీకి ఒక్క పేరు ఇమ్మన్నారు. మన బెంచీ సంగతి తేల్చు."

"తేల్చేదేముంది? నీది మేస్త్రి, నాది గుర్రం. మూడో ఓటు వీడిది. ఎన్నిసార్లడిగాం! 'పోయేముందు చెప్తాలేరా' అని నవ్వేవాడు, దొంగ వెధవ."

"అలాంటి మాటలు ఇప్పుడెందుకురా?"

"వాడన్నదేగా. టైమొచ్చింది మరి, చెప్పాలిగా."

"నోర్ముయ్. చెల్లెమ్మ వింటుంది."

"ఆవిడ మొగుడి సంగతి కనుక్కోడానికి డాక్టరు గదికి వెళ్ళింది. వచ్చేలోపు అడిగేద్దాం. నర్సమ్మ నేర్పింది తెలుసుగా? ఒకసారి చెయ్యి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు."

"తెలుసు. కానీ నిన్నట్నుంచి ఎవరడిగినా నొక్కట్లేదట."

"వాళ్ళేమడిగారు? మందు చేదుగా ఉందా, వీపు నొప్పిగా ఉందా. అలాంటివాటికి ఎవడు పలుకుతాడు? క్లబ్బు మాటెత్తితే వీడు చితి మీంచైనా లేచి కూర్చుంటాడు. జరుగు. ఒరేయ్ కండక్టరూ! మన క్లబ్బుకి ఇప్పటిదాకా ఆడినవాళ్ళలో గుర్రమే గొప్ప ఆటగాడా? ఆలోచించుకునే నొక్కు, తొందరేం లేదు. ఆఁ! నొక్కాడు!"

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి! బాబోయ్, చెయ్యి విరగ్గొట్టేలా ఉన్నాడు!"

"అబద్ధం. దుప్పటి కింద ఏం జరిగిందో నాకేం కనబడింది?"

"దగ్గర కూర్చున్నది నేనా, నువ్వా?"

"తొండి. గోళీలాడే రోజుల నుంచీ నీది తొండే. లే, నన్ను పట్టుకోనీ."

"ఓటేశాక మళ్ళీ ఓటేంట్రా?"

"ఏం, భయమా?"

"ఎవడికి భయం? రా, పట్టుకో. పట్టుకుని ఏడువు."

"కండక్టరూ, నేనురా, టైలర్ని. వీడి గోల వదిలెయ్. నిజం చెప్పు, గుర్రమా గొప్పోడు? ఊఁ... ఊఁ... రెండు! రెండుసార్లు! కాదంటున్నాడు!"

"నీ మొహం! వాడి కనురెప్పైనా కదల్లేదు."

"నీకు నొక్కినప్పుడు లేచి డాన్సు చేశాడా?"

"చొక్కా పొట్టిగా కుట్టి, బట్టే కుంచించుకుపోయిందని బొంకేవాడివి. నీ మాట నేను నమ్మాలా?"

"నువ్వు బిగించిన ఫ్యాను మా అత్తగారి మీద పడింది. నీ మాట నేను నమ్మాలా?"

"దానికి నువ్వే నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పావు కదరా!"

"అన్నయ్యా! ఏంటా అరుపులు? వార్డంతా ఇటే చూస్తోంది."

"వచ్చావా చెల్లెమ్మా? ఏం లేదు, మీ ఆయన ఓటు గురించి. చూడు, నాకు ఒకసారి నొక్కాడు, వీడేమో ఒప్పుకోడు."

"నాకు రెండుసార్లు నొక్కాడమ్మా. కాదనే."

"నొక్కారా? ఈయనా? మీ చెయ్యి నొక్కారా?"

"అవునమ్మా. అదేంటి, ఏడుస్తావేంటి?"

"నిన్న పొద్దుట్నుంచి నాకు ఒక్కసారి కూడా నొక్కలేదన్నయ్యా. పిల్ల వచ్చి నాన్నా నాన్నా అని ఏడిచినా నొక్కలేదు. తలలో రక్తం గడ్డ పెరుగుతోందట. మాట అర్థమై జవాబిస్తుంటే తల తెరిచి ఆపరేషన్ చేస్తాం, పలక్కపోతే మాత్రం కత్తి పెట్టినా లాభం లేదు, బల్ల మీదే పోతారు, ఈ ఉన్న రోజులు పక్కన కూర్చోమ్మా అన్నారు డాక్టరుగారు. పలకట్లేదండీ అని చెప్పి వచ్చేశాను. ఈయన ఇక్కడ మీతో మాట్లాడుతుంటే, నేను అలా చెప్పి వచ్చేశానన్నయ్యా!"

"అమ్మా, అదీ... అంటే..."

"ఏంటన్నయ్యా?"

"చెప్పరా టైలరూ. రెండుసార్లు నొక్కింది నీకేగా."

"ముందు నొక్కింది నీకు. నువ్వు చెప్పు."

"నాదేముందిరా, ఒక్కసారి. నీదే ఎక్కువ."

"టైలరన్నయ్యా, ఆయన చెయ్యి మీ చేతిలోనే ఉంది, వదలకండి. ఆపరేషన్ చేయించుకుంటారేమో అడగండి."

"నువ్వడిగితే బాగుంటుందమ్మా. ఎంతైనా భార్యవి."

"నేనడిగితే పలకట్లేదుగా! ఇంటి గోల కంటే మీ ఆట గోలే ముద్దు ఈయనకి ఎప్పుడూ. దాని కోసం ఎన్నిసార్లు తిట్టానో. పోనీ, ఏ గోలకి పలికితేనేం, పలికారు, అదే పదివేలు. అడగండన్నయ్యా, మీకు పుణ్యముంటుంది."

"అడగరా టైలరూ. ఏం, ఇందాక నొక్కలేదా? తొండేనా?"

"ఎవడిదిరా తొండి? నాకు నొక్కాడు."

"అయితే అడుగు మరి."

"కండక్టరూ... ఒరేయ్... ఆపరేషన్... చేయించుకుంటావా?"

"నొక్కారా?"

"ఉండమ్మా."

"అన్నయ్యా, నొక్కారా?"

"ఆఁ."

"ఎన్నిసార్లు?"

"ఒక... ఒకసారి."

"నా తండ్రే! నా బంగారమే! మీ ఇద్దరి రుణం ఈ జన్మలో తీర్చుకోలేనన్నయ్యా. డాక్టరుగారు వెళ్ళిపోకముందే చెప్పొస్తాను. ఇద్దరు సాక్షులున్నారని చెప్తాను. మీరు చెయ్యి వదలకండి!"

"నేను కాస్త బయట గాలి పీల్చుకునొస్తా టైలరూ."

"కూర్చో. ఒరేయ్ కరెంటూ."

"ఏంటి?"

"నీకు నొక్కాడన్నావుగా. ఒక్కసారి, గట్టిగా."

"అన్నాను."

"నిజమేగా?"

"నీకు రెండుసార్లన్నావు. అది నిజమేనా?"

"నా సంగతి వదిలెయ్. నీది చెప్పు."

"అదేం? నీదెందుకు వదలాలి?"

"నాకు నొక్కలేదు కాబట్టి! అప్పుడూ నొక్కలేదు, ఇప్పుడూ నొక్కలేదు. చాలా? నవ్వు. తొండోడా అను. సాయంత్రం మీటింగులో అందరికీ చాటింపు వెయ్యి. గుర్రమే గొప్పోడు, ఒప్పుకుంటున్నా, మేస్త్రి గిస్త్రి ఎవడూ లేడు. నీకు మాత్రం నొక్కాడని చెప్పరా. నీకొక్కడికి నొక్కినా చాలు, వీడికి తెలివి ఉన్నట్టే. ఆపరేషన్‌కి తీసుకెళ్ళినా మన తప్పుండదు."

"చెల్లెమ్మని వెనక్కి పిలు."

"నీకు నొక్కాడా లేదా?"

"ముందు పిలవరా, వెళ్ళిపోతోంది!"

"నొక్కాడా లేదా?"

"నేను వాడి చెయ్యి పట్టుకోనే లేదురా. ముట్టుకోవాలంటే భయమేసి, దుప్పటి పట్టుకున్నా."