నీలి చుక్క దగ్గర నీళ్లు లేవు

ఆళ్లగడ్డ మేజిస్ట్రేటు కోర్టు, పాపమ్మ వాంగ్మూలం. 2008 ఏప్రిల్ 25, శుక్రవారం. ఉదయం 11 గంటల 10 నిమిషాలు.

ముందు అందరి బాగోగులు అడిగి మొదలుపెడతాను. అడగకపోతే నాకు నోరు పెగలదు. మేజిస్ట్రేటు అయ్యగారూ, మీరు బాగున్నారా? రాసుకుంటున్న గుమాస్తా అయ్యకు దగ్గు తగ్గిందా? మొన్న వచ్చినప్పుడు కూడా దగ్గుతూనే ఉన్నారు. నంద్యాల ఆస్పత్రిలో ఉన్న లహరి పాపకు ముద్ద గొంతు దిగుతున్నదా? వాళ్ల అమ్మ సుశీలమ్మకు కన్ను మూతపడుతున్నదా? నా కోడలు మల్లీశ్వరి బయట మెట్ల మీద కూర్చుంది. ఏడో నెల. నీడలోకి జరగమని ఎవరైనా చెప్పండి. రిమాండులో ఉన్న నా కొడుకు ఈరన్న తింటున్నాడా లేదా? ఐదు రోజులుగా అడుగుతున్నాను, ఎవరూ చెప్పలేదు.

నా పేరు పాపమ్మ. వయసు అరవై అని రేషను కార్డులో ఉంది. మేము చెంచులం. ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అంచున తుమ్మలచెలమ గూడెంలో ఉంటాము. చింతపండు, కుంకుడుకాయలు ఏరి అమ్ముతాము, మేకలున్నాయి. రెండో తరగతి దాకా చదివాను, అది కూడా మరిచిపోయాను. భర్త పేరు నేను నోటితో చెప్పను. కార్డు చూసి గురుస్వామి అని గుమాస్తా అయ్య రాసుకున్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

పోయిన ఆదివారం, 20వ తేదీ, పొద్దున ఆరు గంటలకు ఇద్దరు మా గూడేనికి వచ్చారు. ఒకరు ఉమాశంకర్, నంద్యాల గుడ్డల కొట్టు భాస్కరయ్య గారి కొడుకు. రెండోది ఆయన చెల్లెలు లహరి. బండి వేపచెట్టు కింద పెట్టారు. కొండ ఎక్కి, అవతల లోయ చూసి, సాయంత్రానికి దిగుతామన్నారు. నాకు అప్పుడే భయం వేసింది. ఎలుగుబంటి భయం, పాము భయం, ఆడపిల్ల జారుతుందేమోనని భయం. అన్నీ తలుచుకున్నాను. నీళ్ల సంగతి ఒక్కటే తలుచుకోలేదు.

ఉమాశంకర్ అరుగు మీద ఒక పటం పరిచాడు. నాలుగు కాగితాలు అతికించాడు. అది పాత సర్వే పటమని, ఎవరో ఇంటర్నెట్లో అందరికీ ఊరికే పెట్టారని, నంద్యాల నెట్ సెంటరులో తీయించానని చెప్పాడు. నా కొడుకు ఈరన్న వంగి చూశాడు.

"యాడికప్పా పోయేది?"

"బూరుగు లోయకన్నా. ఈడ సూడు, నీలి చుక్క. చెలమ. మధ్యాన్నానికి ఈడికి చేరితే సీసాలు నింపుకుంటాం."

"ఆడ నీళ్లు ల్యావు. పోవద్దు."

"సర్వేలో ఉందన్నా."

"కాగితం పిండుకోని తాగుతావా ఏందీ?" అన్నాడు నా కొడుకు.

లహరి పాప నవ్వింది. "మా అన్న నంద్యాల సంజీవనగర్లోనే దారి తప్పుతాడు. మ్యాపు చేతికొస్తే మాత్రం దొర" అన్నది.

నేనే వస్తానని ఈరన్న అన్నాడు. వద్దన్నా, మాకు మేమే పోవాలని ఉంది అని ఉమాశంకర్ అన్నాడు. కూలి మాట ఎవరూ ఎత్తలేదు. కోపం ఎవరికీ రాలేదు. పిలవలేదన్న కోపంతో నా కొడుకు వాళ్లను చావుకు పంపాడని కేసులో రాసింది నిజం కాదు. ఏడు గంటలకు వాడు అడవి మంట పాకకుండా అగ్గిదారి కొట్టే పనికి పోయాడు. పోతూ పోతూ మళ్లీ వద్దనే చెప్పాడు.

వాడు పోయాక ఆ పిల్లవాడు నా పక్కన కూర్చున్నాడు. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే కొండ నిట్టనిలువుగా ఉన్నట్టు, ఎడంగా ఉంటే చదును అని వేలు పెట్టి చూపించాడు. ఇది మీ వాగు అన్నాడు. నిజమే, మా వాగే. వాగు మలుపు తిరిగే చోటు నిజమే. రెండు బండల సందు నిజమే. నేను పుట్టి పెరిగిన కొండంతా ఆ కాగితం మీద ఉంది. తర్వాత నీలి చుక్క పక్కన అక్షరాలు చదివాడు.

"గురుస్వామి చెలమ. అంటే ఎవరవ్వా?"

నేను నోటితో చెప్పని పేరు. అది నా భర్త పేరు.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. మా ఇంటి వాళ్లకు దాచిపెట్టుకున్న ఒక చెలమ ఉంది, దాపు నీళ్లు అంటాము. తక్కిన చెంచుల సంగతి నాకు తెలియదు, ఇది మా ఇంటి ఆనవాయితీ. కొండ మీద అన్ని చెలమలూ ఎండినా అది ఎండదు. దాని చోటు బయటివాళ్లకు చెప్పకూడదు. చెబితే నీళ్లు అడుక్కు దిగిపోతాయని మా అత్త చెప్పేది. నా పెళ్లయిన మరుసటి ఏడు సర్వే వాళ్లు గొలుసులు, జెండాలు తెచ్చారు. నా భర్త వాళ్ల గొలుసు మోశాడు. ఎండాకాలం మీరు నీళ్లెక్కడ తాగుతారని దొర అడిగితే, బూరుగు లోయ అడుగున ఒక గుంట చూపించాడు. ముందు రోజు వాన పడి అందులో నీళ్లున్నాయి. దొర నాలుక తడిపి చూసి, బాగున్నాయని, నా భర్త పేరే దానికి పెట్టి రాసుకున్నాడు. ఆ రాత్రి మేము పడీ పడీ నవ్వాము. ఆ గుంటలో ఏడాదికి పది రోజులు కూడా నీళ్లుండవు.

ఆ అబద్ధం ఇన్నేళ్లకు మా అరుగు మీదికే వచ్చింది. కాగితం అంతా నిజం. ఆ ఒక్క చుక్కే అబద్ధం. అది మాదే.

ఉమాశంకర్ నన్ను అడిగాడు.

"అన్న లేవంటాండాడు. నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పవ్వా. ఆడ నీళ్లుండాయా, ల్యావా?"

లేవంటే ఎందుకు రాశారంటాడు. ఎందుకు రాశారంటే నా భర్త అబద్ధం చెప్పాడని చెప్పాలి. మరి ఎక్కడ ఉన్నాయంటాడు. ఇంత మంచిగా అడిగే పిల్లవాడికి దాపు నీళ్లు చెప్పేస్తానేమోనని నాకు భయమైంది. సర్కారు కాగితం మీద ఆయన పేరు ఉందని, చెప్పకూడదు గానీ, నాకు సంతోషం కూడా అయింది.

నేను ఉన్నాయన్నాను.

"ఉండాయి నాయనా" అన్నాను. ఈ నోటితోనే అన్నాను. నా కొడుకు అనలేదు. గూడెంలో ఉన్నాయన్నారని లహరి పాప ఆస్పత్రిలో చెప్పింది నిజమే. అలా అన్నది నేనే.

ఏడున్నరకు వాళ్లు ఎక్కారు. రెండు లీటరు సీసాలు, బిస్కెట్లు, పటం. నేను రెండు నిమ్మకాయలు ఇచ్చాను. తొమ్మిదికి ఎండ మండింది. వెనక్కి పిలవాలనుకున్నాను. పదికి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. పదకొండుకు మళ్లీ వచ్చాను. సీసాలు అయిపోతే వాళ్లే తిరిగొస్తారని నాకు నేనే చెప్పుకున్నాను. వాళ్లు తిరిగిరాలేదు. ముందు నీళ్లున్నాయని నమ్మినవాళ్లు ఎందుకు తిరిగొస్తారు?

నాలుగు గంటలకు ఈరన్న వచ్చాడు. వేపచెట్టు కింద బండి చూశాడు.

"వాళ్లింకా దిగల్యా?"

"ల్యా."

"నీళ్ల సంగతి నిన్ను అడిగిరా?"

"అడిగిరి."

"ఏం చెప్తివి?"

నేను తల వంచుకున్నాను. వాడికి అర్థమైంది. ఖాళీ సొరకాయ బుర్ర భుజాన వేసుకుని పరుగెత్తాడు.

ఆరున్నరకు లహరి పాపను వీపున మోసుకుని వచ్చాడు. బుర్రలో చల్లటి నీళ్లు సగానికి పైగా ఉన్నాయి. ఆ నీళ్లే పాప నోట్లో పోసి బతికించాడు. ఉమాశంకర్ అప్పటికే పోయాడు. పటంలో చెప్పినట్టే గుంట దగ్గరకు చేరాడు, చేతులతో ఇసుక తవ్వాడు. మోచేతి దాకా తవ్వాడట, గోళ్లు లేచిపోయాయట. తర్వాత వాగులో ఇంకా కింద ఉంటాయేమోనని నడిచాడు. పడిపోయిన చోటు మా దాపు నీళ్లకు రెండు కేకల దూరం. మరునాడు పొద్దున మా గూడెం వాళ్లే మంచం మీద మోసి దించారు.

లోయంతా ఎండి ఉంటే నీకు బుర్రలో నీళ్లు ఎక్కడివని పోలీసులు ఈరన్నను అడిగారు. వాడు చెప్పలేదు. ఐదు రోజులుగా అడుగుతున్నారు, వాడు చెప్పడం లేదు. దగ్గరలో నీళ్లు పెట్టుకుని చంపాడని అందుకే అంటున్నారు. వాడు చెప్పడు. వాళ్ల నాయన వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు. పైగా చెబితే అమ్మ మీదికి వస్తుందని వాడికి తెలుసు.

నిన్న గురువారం సుశీలమ్మ ఈ కోర్టు మెట్ల దగ్గర నన్ను ఆపింది. తిట్టలేదు.

"నా కొడుకు నిన్ను ఏమైనా అడిగినాడా అవ్వా, పోయే ముందు?" అన్నది.

"అడిగినాడు తల్లీ" అన్నాను. నేనేం జవాబిచ్చానో ఆమెకు చెప్పలేదు. ఆమె నా ముఖమే చూస్తూ నిలబడింది. అందుకే ఈరోజు వాంగ్మూలం ఇస్తానని నేనే అడిగి మరీ వచ్చాను.

అయ్యగారు ఆ పటమే నా ముందు పరిచి, నిజం నీళ్లెక్కడో వేలితో చూపమన్నారు. నాకు ఆ గీతల మీద తెలియదు. నడిచి చూపిస్తాను. సర్వేయరు వస్తాడట, చోటు కొలిచి రాసుకుంటాడట. రాసుకోనీండి. ఈరన్నను కూడా తెస్తారట. నేను ముందు నడవడం వాడు చూస్తాడు. ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. వాడి బిడ్డ పుట్టేసరికి వాడు ఇంట్లో ఉండాలి.

నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. గుమాస్తా అయ్య రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు. జరిగింది ఇదే.

పాపమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

దాపు నీళ్ల చోటు చూడటానికి పెట్టిన రోజు: 2008 ఏప్రిల్ 29, మంగళవారం, ఉదయం 6 గంటలు, తుమ్మలచెలమ గూడెం నుంచి.