నా లివరు నా మాట వింటది

రెంటచింతలలో మైమూనా టీ కొట్టు. ఆటో నడిపే నెహెమ్యాకి గుండెకి స్టెంటు వేసి రెండు నెలలైంది. “ఈ కొలెస్ట్రాల్ మాత్ర జీవితాంతం మింగాలంట. పిక్కలు లాగుతున్నయ్. మానేద్దామనుకుంటున్నా” అన్నాడు, జేబులోంచి మాత్రల అట్ట తీసి. అంతే, మిరప రైతు వెంకటప్పయ్య బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

“మాత్రకి లొంగేవాడు మగాడేంట్రా? నాకూ రాశాడు నరసరావుపేట డాక్టరు. చెడ్డ కొవ్వు నూట తొంభై ఉంది, నువ్వు తినేదాని కంటే నీ లివరు తయారుచేసేదే ఎక్కువ, ఈ మాత్ర ఆ తయారీని తగ్గిస్తది అన్నాడు. నా లివరుకి చెప్పడానికి మధ్యలో మాత్రెందుకయ్యా, నేను చెప్పుకోలేనా అని లేచొచ్చేశా.”

“చెప్పావా మరి?” అన్నాడు పంక్చర్ల షబ్బీర్.

“ఇట్టా కుడి డొక్క మీద చెయ్యేసి, ‘ఒసేయ్, ఆపు’ అన్నా. గురగురలాడింది. ‘ఆపుతావా లేదా’ అని ఒక్క అరుపు అరిచా. పక్కింటోళ్ల మిక్సీ కూడా ఆగిపోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లివరు దారికొచ్చింది, సరే, రక్తంలో ఉన్న పాత కొవ్వు సంగతేంది? మే నెల మిట్టమధ్యాన్నం మన రెంటచింతల ఎండలో డాబా మీద నిలబడ్డా. గంటకల్లా అరికాళ్లలోంచి నెయ్యి కారింది. మా ఆవిడ గురవమ్మ డాబా తూము కింద బిందె పెట్టి పట్టింది.”

“ఆవుదా, గేదెదా బాబాయ్?” అన్నాడు షబ్బీర్.

“నోర్మూసుకుని వినరా! మాత్రల డబ్బా కుడి కాలవలో గిరాటేశా. కింద ఊళ్లల్లో చేపలకి కొవ్వంతా కరిగిపోయి, మూకుట్లో వేస్తే ఒక్కో చేప రెండు కిలోల నూనె తాగుతుందంట. ఆఖరికి డాక్టరే ఫోన్ చేశాడు. ‘వెంకటప్పయ్య గారూ, ఓడిపోయా, నా లివరుకి కూడా ఓ మాట చెప్పండి’ అని ఒకటే ఏడుపు. స్పీకర్ పెట్టించి ఒక్క కేకేశా. మొన్న పరీక్షలో నాకు డెబ్బై, ఆయనకి అరవై!”

అందరూ పగలబడి నవ్వారు. నెహెమ్యా మాత్రం నవ్వలేదు.

“నీకు డెబ్బైకి దిగిందా? అయితే నేనూ ఆపేస్తా” అని అట్టని పొయ్యి మంట మీదకి చాపాడు.

వెంకటప్పయ్య ఒక్క దూకు దూకి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

“ఒరేయ్, స్టెంటేశార్రా నీకు! ఆపితే చస్తావ్. పిక్కలు లాగుతుంటే డాక్టరుకి చెప్పు, మాత్ర మార్చి ఇస్తాడు.”

“నీకెట్టా తెలుసు బాబాయ్?”

వెంకటప్పయ్య గొంతు సవరించుకున్నాడు. “లివరు చెప్పింది” అన్నాడు, మీసం దువ్వుకుంటూ.

మైమూనా వచ్చి బల్ల మీద గ్లాసులు పెట్టింది.

“ఆరయింది బాబాయ్, నీ మాత్రకి నీళ్లు. ఇంట్లో పిన్ని దగ్గర మానేశానని బింకానికి పోయి, రోజూ ఇక్కడికొచ్చి చాటుగా మింగుతున్నావుగా. ఇయ్యాల రెండు గ్లాసులు తెచ్చా.”