కుడివైపు చక్రాలు

అదేం మనిషిరా నీ పెళ్ళాం, వెండెలిన్! నేను గడప దాటానో లేదో టోపీ లాక్కుంది, కోటు లాక్కుంది. "ముందు పైకెళ్ళి ఆయన్ని చూడండి, తరవాత వంటింట్లోకి రండి. గెర్లిండ వచ్చి కూర్చుంది" అంది. టోపీ ఎందుకు లాక్కుందో తెలుసా? నేను వెనక గుమ్మంలోంచి జారుకుంటానని! ఈ చలిలో బట్టతలతో ఎంత దూరం పోతాడులే అని!

నేనా జారుకునేది? ఈ హార్ట్‌విగ్? ముప్ఫై రష్యా ట్యాంకుల ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డవాణ్ణి!

సరే, సరే. అలా చూడకు. ముప్ఫై కాదు.

ఆ పక్షవాతం నీ నోరు పట్టుకుపోయింది గానీ ఆ చూపు వదిలేసిందేంరా? అదే చూపు. ట్యాంకులో ముందు సీట్లోంచి మెడ తిప్పి, పైన ఫిరంగి ఉండే టరెట్‌లో ఉన్న నన్ను ఇలాగే చూసేవాడివి. నేను కమాండర్ని, నువ్వు డ్రైవర్‌వి. అయినా భయపడేది నేనే.

కింద గెర్లిండని చూశాను, మన ఎకార్ట్ చెల్లెల్ని. ప్లమ్ పళ్ళ కేకు ముందర పెట్టింది మీ ఆవిడ. ముట్టలేదు. కాఫీ ముట్టలేదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. అచ్చం ఎకార్ట్ ముక్కు, ఎకార్ట్ గడ్డం. ఆ గడ్డానికి ముడతలు పడ్డాయి, అంతే తేడా. ఎకార్ట్‌కి ఆ అవకాశం రాలేదు కదా.

ఇన్నేళ్ళూ నీ రొట్టెల కొట్టు గుమ్మం తొక్కని మనిషి. రొట్టె కోసం వంతెన దాటి అవతలి పేటకి పోయే మనిషి. ఇవాళ నీ వంటింట్లో!

నీ రోస్విటా నాతో ఏమందో విన్నావా? మెట్ల దగ్గర నిలబెట్టి, గొంతు తగ్గించి, "ఈయన పోయేలోగా ఆవిడకి నిజం చెప్పండి. వాళ్ళన్నయ్య చావుకి మా ఆయన కాలే కారణమని ఆవిడ నమ్మకం. ఆ మాట ఎక్కడ పుట్టిందో నేను చెప్పక్కర్లేదు కదా మీకు" అంది.

అక్కర్లేదు. నా నోట్లో పుట్టింది.

ముందు నీ దగ్గర ఒకసారి చెప్పి చూస్తాను. ఎక్కడైనా తప్పితే... ఆ చెయ్యి బాగానే ఉంది కదా, గిల్లు.

ట్యాంకు దగ్గర మొదలుపెడతా. మన పాంథర్ దగ్గర! నలభై ఒకటిలో రష్యా వాళ్ళ కొత్త ట్యాంకు మీద మన గుండ్లు బఠానీల్లా జారిపోతుంటే, బెర్లిన్ నుంచి దిగిన ఇంజనీర్ల భుజం పట్టుకుని, "అయ్యల్లారా, ఇనుపరేకు ఏటవాలుగా పెట్టండి! ఫిరంగి గొట్టం పొడుగు చెయ్యండి! చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు వెడల్పు చెయ్యండి!" అని చెప్పిందెవరు? ఈ హార్ట్‌విగ్ కాదూ? ఆ మాటల్లోంచి కాదూ పాంథర్ పుట్టింది?

అబ్బా! గిల్లమంటే మరీ అంత గట్టిగానా?

ఔను. ఆ రోజు నేను వంటబండి దగ్గర ఉన్నాను. ఇంజనీర్లని దూరంనుంచి చూశాను. ఒకాయన దగ్గరికొచ్చి మరుగుదొడ్డి ఎటని అడిగాడు. అటు అని చూపించాను. పాంథర్‌లో నా వాటా అంతే.

కానీ ఎంత అందగత్తెరా అది! ముప్ఫై టన్నులకి గీశారట. పైవాళ్ళు రేకు ఇంకాస్త మందం అన్నారు. మళ్ళీ ఇంకాస్త అన్నారు. కారఖానా గేటు దాటేసరికి నలభై అయిదు. ఆ బరువంతా లాగాల్సిన పళ్ళచక్రాలు మాత్రం ఎప్పటివో అవే. పైన ఒళ్ళు పెరిగింది, లోపల బలం పెరగలేదు. నా కథల్లాగే. నువ్వు నవ్వొచ్చురా, నేనే అన్నాను కదా.

నలభై మూడు ఎండాకాలంలో ఇంకా పచ్చిగా ఉండగానే యుద్ధానికి తోలారు. రైలు దిగి నడుస్తుంటేనే కొన్నిటి ఇంజన్లు అంటుకున్నాయి. శత్రువు కంట పడకముందే దారి పక్కన బార్లు తీరి ఆగిపోయాయి. మనది ఆగలేదు. ఎందుకాగలేదు? నా అదృష్టం అని చెప్పుకు తిరిగాను ఊరంతా. నీ కాలి చలవరా అది. ఆ కాలు ఎంత తేలిగ్గా పడేదో నాకు తెలుసు. గుడ్ల బుట్ట మోసుకెళ్ళే ఇల్లాలిలా తోలేవాడివి దాన్ని.

ఇక ఆ చక్రాలు. కడిగిన పళ్ళేలు ఒకదాని అంచు మీద ఒకటి బోర్లించినట్టు. చలికాలం వచ్చేసరికి వాటి సందుల్లో ఉక్రెయిన్ బురద. సాయంత్రం ట్యాంకు ఆగిందంటే అందరం దిగి గునపాలతో ఆ బురద తవ్వాలి, పట్టీల కింద కొమ్మలో గడ్డో పరవాలి. లేదంటే రాత్రి చలికి గడ్డకట్టి తెల్లారేసరికి బురద బండరాయి. మన రెజిమెంటులో ఈ సంగతి తెలియనివాడు లేడు. తప్పనిసరి చాకిరీ. అన్నానికి ముందు అది.

ఆ సాయంత్రం ఆ పల్లెలో కాల్బలం కెప్టెన్ ఒకడు నన్ను పిలిచాడు. బాతు కాలుస్తున్నారు. వెచ్చటి ఇల్లు. ఆ ఇంటి ముసలమ్మని పశువుల కొట్టంలోకి తోలేసి ఆమె పొయ్యి చుట్టూ మేం కూర్చున్నాం. ఇన్నేళ్ళు చెప్పాను గదా కథ, అందులో ఎప్పుడైనా ఆ ముసలమ్మని విన్నావా? ఆ బాతు ఆమెదే అయ్యుంటుంది.

నువ్వేమన్నావ్? "సార్జెంటు గారూ, మనుషుల్ని నాతో ఉంచండి. బురద బిగుస్తోంది" అన్నావు.

నేనేమన్నాను? "నువ్వు కానీయవయ్యా, వీళ్ళతో నాకు పనుంది" అన్నాను.

ఏం పని? కథ చెప్పాలి! నేను చెప్తుంటే "అవునండీ, మేమూ చూశాం" అనేవాళ్ళు కావాలి కదా. మిగతా ముగ్గుర్నీ లోపలికి లాక్కుపోయాను. అందులో ఎకార్ట్ ఎంత సరదాగా వంత పాడేవాడని! నేను మూడు ట్యాంకులంటే వాడు, "నాలుగండీ, మా సార్జెంటు గారికి గొప్పలు చెప్పుకోవడం ఇష్టముండదు" అనేవాడు. వాడిది గుండు అందించే పని. ట్యాంకులోనూ అదే, కథలోనూ అదే.

మేం బాతు తింటుంటే నువ్వు ఒక్కడివీ ఎడమవైపు మొత్తం తవ్వావు. కుడివైపుకి వచ్చేసరికి గునపం దిగలేదు.

తెల్లారాక నా దగ్గరికొచ్చి, "ఎడమవైపు వదులుగా ఉంది, కుడివైపు బిగుసుకుపోయింది. ఇలా లాగితే పళ్ళచక్రం పోతుంది. కాసేపు మంట పెట్టి కరిగిద్దాం" అన్నావు. అవునా? ఇంత సూటిగా చెప్పావా లేదా?

"శత్రువు ఎదురుగా ఉన్నాడు! నడుపు!" అన్నాను.

శత్రువు! గుట్ట మీద గుర్రపుబండి ఒకటి పోతోందిరా. గడ్డిబండి. అంతకంటే ఏమీ లేదు. ముందురోజు బాతు తింటూ కెప్టెన్‌తో కోతలు కోశాను, "రేపు అన్నిటికంటే ముందు నా ట్యాంకే కదుల్తుంది, చూడండి" అని. ఆయన కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చూస్తున్నాడు.

నడిపావు. ఎడమ కదిలింది, కుడి కదల్లేదు. లోపల ఠంగుమంది. పెద్ద గంట పగిలినట్టు. కెప్టెన్ కప్పులో మిగిలింది పారబోసి లోపలికి పోయాడు.

మధ్యాహ్నానికి నిజం ట్యాంకులే వచ్చాయి. మనదాన్ని మనమే పేల్చేసి మంచులో పడి నడిచాం. ఎకార్ట్ నా వెనక. వాడు భయపడకూడదని ఏదో చెప్తూ నడుస్తున్నాను. ఏదో అబద్ధమే. వాడు వంత అందుకునే చోటు వచ్చింది. అందుకోలేదు. వినలేదేమోనని మళ్ళీ చెప్పాను. ఎంత దూరం నేనొక్కణ్ణే మాట్లాడుతూ నడిచానో నాకు తెలియదురా. వెనక్కి తిరిగితే, నువ్వు వాణ్ణి భుజాన వేసుకుని వస్తున్నావు.

ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు.

పైఅధికారి పిలిచి ట్యాంకు ఎలా పోయిందని అడిగితే, "డ్రైవరు కాలు బరువండీ" అన్నాను. మూడే మూడు మాటలు. నిన్ను కాల్బలంలోకి తోసేశారు. కాలి వేళ్ళు మంచులో వదిలేసి వచ్చావు. ఇంటికొచ్చాక నీ కుంటినడక చూసి ఊళ్ళో, "అదిగో, ఆ కాలే" అనుకున్నారు. కథకి బొమ్మ కూడా దొరికిందన్నమాట!

శనివారం శనివారం సారాకొట్టు బల్ల దగ్గర చెప్పాను. "ఇవాళ ఎన్ని ట్యాంకులు హార్ట్‌విగ్? పోయినవారం ఏడు, ఈవారానికి పిల్లలు పెట్టాయా?" అని వేళాకోళం చేసేవారు. ట్యాంకుల్ని నమ్మలేదురా ఎవరూ! నీ కాలిని మాత్రం అందరూ నమ్మారు. ఎకార్ట్ వాళ్ళమ్మ చెవిన పడింది. ఆవిడ పోయేదాకా నీ కొట్టు రాగానే రోడ్డు దాటి అవతల పక్కన నడిచింది. బడిలో నీ కొడుకుని "బరువుకాలు" అని పిలిచారు.

ఒకసారి రొట్టెల బుట్టతో సారాకొట్లోకి వచ్చావు, గుర్తుందా? నేను సరిగ్గా ఆ చోటే చెప్తున్నాను. అందరూ నీవైపు తిరిగారు. "వెండెలిన్, మెల్లిగా అడుగెయ్యి, నేల విరుగుతుంది!" అన్నాడు ఒకడు. బుట్ట బల్ల మీద పెట్టావు. నన్ను చూశావు. వెళ్ళిపోయావు.

నేను ఆగానా? ఇంకో ట్యాంకు కలిపాను.

ఒక్కమాట అనకపోయావా? అప్పుడు నోరుందిగా! "హార్ట్‌విగ్, నోర్ముయ్" అంటే మూసేవాణ్ణేమో. ఏమో. మూసేవాణ్ణి కాదులే.

ఇదిగో, గెర్లిండతో ఇలా అంటాను: "అమ్మా గెర్లిండా, మీ అన్నయ్య ఆ రోజు సింహంలా..." చూశావా? సింహం ఎక్కడినుంచి వచ్చింది? ఆ మంచులో సింహం ఏమిటి!

మళ్ళీ. "గెర్లిండా, ఆ రోజు ముప్ఫై..." ఛీ.

"గెర్లిండా, ఆ సాయంత్రం వెండెలిన్ మనుషుల్ని అడిగాడు. నేను ఇవ్వలేదు." బాగుందా? ఇంత చిన్నగానా? ఇంత చిన్న మాట చెప్పి ఆవిడ ముఖం ఎలా చూడనురా? దీనికి ముందూ వెనకా ఏమైనా ఉండాలి కదా, కనీసం కాస్త చలి, కాస్త పొగ...

వద్దా. సరే, వద్దు.

కింద కుర్చీ జరిగింది, విన్నావా? ఆవిడ లేచినట్టుంది. చెయ్యి వదులు, వెండెలిన్. వదలమంటుంటే... ఓహో. పట్టుకుంది నేనా.

వెళ్తున్నాను. చూడకు అలా, వెళ్తున్నాననే అంటున్నా కదా. ఈ మెట్లు దిగేలోపు కథ మళ్ళీ పెరక్కుండా ఉంటే, అదే పదివేలు.