ఎర్ర బటన్ కింది మాట

లాండ్రీలో నన్నందరూ పంతులమ్మ అంటారు, వాంగ్మూలంలో అలాగే రాసుకోండి సార్. వయసు నలభై రెండు. ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో, ఇస్త్రీ రోలర్ దగ్గర పని. షెడ్డు మొత్తంలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేది నేనొక్కదాన్నే, ఆ పేరు అందుకే వచ్చింది.

రోలర్ దగ్గర ఈ కొసన నేను, ఆ కొసన మా తోడికోడలు. మా మరిది భార్య. చెరో అంచు పట్టుకుని దుప్పటి లోపలికి పెడతాం. దానికి చదువు రాదు గానీ నోరుంది. దుప్పటి మీద మరక చూపించి, "పంతులమ్మగారూ, ఇక్కడేదో రాసుంది, కాస్త చదివి పెడుదురూ" అని నవ్వించేది.

ఈ రోలర్ ఈమధ్యే వచ్చింది. జర్మనీలో వాడేసిన పాత మిషన్. మా తోడికోడలు నిలబడే వైపు దానికో ఎర్ర బటన్ ఉంది. కింద ఎన్, ఓ, టీ, చిన్న గీత, ఏ, యూ, ఎస్. ఇంగ్లీషులో నాట్ అంటే వద్దని నాకు తెలుసు. రెండోది తెలియక సూపర్‌వైజర్‌ని అడిగాను. "సార్, జర్మన్‌లో అవుస్ అంటే ఏంటి?" అన్నాను. "ఏదైతే నీకెందుకు? ముందే వద్దని ఉందిగా, ముట్టుకోకు" అన్నాడు. అందరికీ నేనే చెప్పాను. దాని జోలికి పోవద్దని ఒక్కొక్కరికీ చెప్పాను.

మంగళవారం పొద్దున పదకొండింటికి మా తోడికోడలి చేతి తొడుగు దుప్పటి మడతలో ఇరుక్కుంది. దుప్పటితోపాటు కుడిచెయ్యి లోపలికి పోయింది. "అక్కా!" అని ఒకటే అరుపు. నేను పరిగెత్తుకెళ్ళాను. అది అరుస్తూనే ఎడమచెయ్యి ఆ బటన్ మీదికి చాచింది. ఎర్రగా ఉందని చాచింది సార్, అంతే. నేను ఆ చెయ్యి పట్టుకుని లాగేశాను. "వద్దే, వద్దని రాసుంది!" అన్నాను. మళ్ళీ చాచింది. మళ్ళీ లాగాను. తర్వాత తలుపు దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ కట్టేశాను. వచ్చేసరికి అది అరవడం మానేసింది. ఆసుపత్రిలో మోచేతి పైదాకా తీసేశారు.

సాయంత్రం మిషన్ చూడ్డానికి మెకానిక్ వచ్చాడు. జర్మన్ వచ్చట. ఈసారి మొదటి మాట అడిగాను.

"జర్మన్‌లో నాట్ అంటే ఏంటి బాబూ?"

"ఆపద."

"మరి అవుస్?"

"ఆపు. ఆపదొస్తే ఆపే బటన్ అమ్మా అది."

వద్దు అని కాదా అని అడిగాను. కాదన్నాడు. ఇంకోసారి అడిగాను. కాదన్నాడు.

బటన్ పక్కనే ఉండి నొక్కలేదు, తప్పు నాదేనని సూపర్‌వైజర్ మీకు చెప్పాడట. వాడి నోరు పడిపోను! ముట్టుకోవద్దన్నది వాడే. కానీ ఆ చెయ్యి లాగింది నేను.

నిన్న ఆసుపత్రిలో దాన్ని చూసొచ్చాను. బటన్ సంగతి దానికింకా ఎవరూ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లాగబట్టి సరిపోయిందక్కా, లేకపోతే ఈ చెయ్యి కూడా పోయేది" అంది.

మీరు చదివి వినిపించింది అంతా విన్నాను. నేను చెప్పిందే, ఒక్క ముక్క అబద్ధం లేదు. పెన్ను వద్దు సార్, ఆ ఇంకు ఇటివ్వండి. చదువు రాదనే రాసుకోండి.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)