పడవ మీద బట్టల క్లిప్పు

అది గిటారు కాదు మనోంగ్ తెరియో, పెద్దన్నా, బట్టలారేసే దండెం. ఇంటికప్పుకి ఆ నీపా ఆకు కుట్టడం కాసేపు ఆపు. ఆపవా? సరే, కుట్టుకుంటూనే విను. నీకు మాట్లాడే పని ఎప్పుడూ లేదు, అది నా వాటా.

నువ్వు మోకాలి నొప్పని టూరిస్టుల భోజనాల పడవ దిగిపోయావు. నీ చోటులోకి వచ్చాడే ఆ కెర్విన్, వాడు గిటారు తలకి ఒక క్లిప్పు తగిలించాడు. నల్లది, బొటనవేలంత ఉంటుంది. ట్యూనర్ అంటాడు. నా చేతికిస్తే తడి తువ్వాలు ఆరేస్తాను, అంతకన్నా దానికి గౌరవం లేదు. పడవ గిటారు తల మీద ముత్యపు చిప్పతో పొదిగిన పువ్వు ఉంది కదా, నువ్వు రోజూ చొక్కా అంచుతో తుడిచేవాడివి. సరిగ్గా దాని నెత్తినే పెట్టాడు. పువ్వు మీద పేడపురుగు వాలినట్టుంది.

పైగా అది వెలుగుతుంది. శ్రుతి తప్పితే ఎరుపు, కుదిరితే పచ్చ. ఆ పచ్చ వెలుగు మొహాన పడితే వాడు వాంతి చేసుకోబోయేవాడిలా కనిపిస్తాడు. మన నదిలో అలే లేదు, అయినా చూసినవాళ్ళు పడవ అంచు పట్టుకుంటారు. పనయ్యాక తీసి జేబులో వేసుకోవచ్చు కదా? తీయడు. కొత్తగా పెళ్ళయిన కొరియా జంట ముందు నిలబడి విరహగీతం పాడుతుంటాడు, గిటారు నెత్తిన అక్షరాలు మారుతుంటాయి. చేపల బజారులో తూకం మిషన్ లాగే. ప్రేమ ఎన్ని గ్రాములు తూగిందో చెప్పరా అన్నాను.

"నాంగ్ సిమా, అక్కా, ఇది గాలిలో శబ్దం వినదు, చెక్కలో వణుకు పట్టుకుంటుంది. ఇంజిను మోగినా, జనం ప్లేట్లు మోగించినా దీనికి పట్టదు" అన్నాడు.

అవును మరి. ఎవరి మాటా వినకుండా పని చేసేవాళ్ళకే ఇప్పుడు గిరాకీ.

దాని వికారాన్ని భరిస్తాను మనోంగ్. ఓనరమ్మ, ఆ మేడమ్ ఒడెట్ జుట్టు రంగునే భరిస్తున్నాను కదా. నా కొంప ముంచింది దాని వేగం.

నీ కాలంలో ఎలా ఉండేది? పడవ కదిలేది, నది తేమకి తీగలు దిగిపోయేవి. రెండు పాటలకోసారి నువ్వు బిరడాలు పట్టుకుని కూర్చునేవాడివి. తిప్పేవాడివి, మీటేవాడివి, కాదన్నట్టు తల ఊపేవాడివి, మళ్ళీ తిప్పేవాడివి. ఆ ఖాళీ నాది. తాళానికి ఊపే గిలకలు కింద పెట్టి ముందుకొచ్చేదాన్ని. కంగారుపడకండి, మీరు అన్నం తినండి, మావాడు ఐదో తీగకీ ఆరో తీగకీ పెళ్ళి కుదురుస్తున్నాడు, పెద్దలింకా ఒప్పుకోలేదు అనేదాన్ని. గైడు తర్జుమా చేసేదాకా ఆగకుండా కొరియా వాళ్ళు ముందే నవ్వేసేవాళ్ళు. అర్థమయ్యాక ఇంకోసారి నవ్వేవాళ్ళు. ఒక్క మాటకి రెండు నవ్వులు, ఏ పడవలో దొరుకుతాయి?

అన్నిటికన్నా బాగా పేలింది నీ చెవి. "మా మనోంగ్‌కి చెవులు రెండు. ఒకటి చెడిపోయింది. బాగున్నది ఇంట్లో వదిలి వచ్చాడు, వాళ్ళావిడకి పనుందట." నువ్వు అప్పుడు గిటారుకి చెవి ఆనించి వెర్రిమొహం వేసేవాడివి. పంది మాంసం నములుతున్నవాళ్ళు నమలడం ఆపి నవ్వేవాళ్ళు. నీ పరువు నేను కాపాడుతున్నాననుకున్నాను. నేను లేకపోతే ఈ చెవిటి మేళాన్ని ఎవరు భరిస్తారని మా ఆయనతో కూడా అన్నాను.

ఇప్పుడో? వాడు మీటుతాడు. పచ్చ, పచ్చ, పచ్చ. నేను "అమ్మలారా" అనేలోపు తర్వాతి పాట మొదలు. "అయ్యలారా" అన్న మాట ఈ మధ్య ఆ పడవలో ఎవరూ వినలేదు.

నిన్న మేడమ్ ఒడెట్ పిలిచింది. "సిమా, పాటకీ పాటకీ మధ్య ఖాళీయే లేనప్పుడు, ఖాళీ పూడ్చే మనిషి దేనికి? గిలకలు గైడు పిల్ల కూడా ఊపగలదు" అంది. శనివారంతో ఆఖరు అంది. మర్యాదగానే చెప్పింది, మామిడిపండు కోసి పెట్టి మరీ.

అందుకని పొద్దున దొంగతనం చేశాను. అలా చూడకు. అన్నం గిన్నెలు పడవలోకి ఎక్కిస్తున్నప్పుడు వాడి గిటారు దగ్గరికెళ్ళి క్లిప్పు పీకి నా సంచిలో వేసుకున్నాను. ఇదిగో, చూడు. ఆరిపోయి పడున్నా మొహంలో పొగరు తగ్గలేదు.

వాడు వెతికాడు. నేనూ వెతికాను, బల్లల కింద వంగి మరీ. లోపల మాత్రం కొత్త మాటలు సర్దుకుంటున్నాను. పడవ కదిలింది. రెండో పాట అయ్యేసరికి తీగలు దిగాయి. గిలకలు కింద పెట్టి గొంతు సవరించుకున్నాను.

సవరించుకోవడం పూర్తి కాలేదు మనోంగ్. వాడు ఒక తీగ మీటి కళ్ళు మూసుకున్నాడు, మిగతావన్నీ దానికి కలిపేశాడు. క్లిప్పు కన్నా తొందరగా. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని పాటంతా విన్నాను, దొరకలేదు.

ఎక్కడ నేర్చుకున్నావురా అన్నాను. "లోలో తెరియో నేర్పాడు. ఆయనైతే ఇంకా త్వరగా చేసేస్తాడు" అన్నాడు. సొంత తాతని అన్నట్టు లోలో అంటూ, ఏ కల్మషం లేకుండా అన్నాడు, తిట్టడానికి కూడా సందు ఇవ్వలేదు. మరి ఈ క్లిప్పెందుకురా అంటే, "అందరూ పెట్టుకుంటున్నారు నాంగ్, స్టేజి మీద బాగుంటుంది" అన్నాడు.

బాగుంటుందట.

రేవులో దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను. ఇక ఆ ఆకు పక్కన పెట్టు. గోడ మీది గిటారు దించు. నోటితో జవాబు అక్కర్లేదు. ఇన్నేళ్ళు నీ చెడిపోయిన చెవిని నమ్మి మోసపోయాను, ఇప్పుడు నోటిని నమ్మనా? క్లిప్పు నేనే పెడతాను. వెలుగు నావైపు తిప్పుకున్నాను, నీకు కనబడదు. నువ్వు శ్రుతి చెయ్యి.

పచ్చ.

ఇదీ పచ్చే. ముసలి దొంగా.

ఆరూ పచ్చ. నేను ఊపిరి తీసుకున్నానో లేదో, అయిపోయింది. అంటే అన్నేళ్ళూ జనం నీ చెవి చూసి నవ్వుతుంటే, అందరికన్నా ముందు నేనే నవ్వుతుంటే, నువ్వు ఆ కుదిరిన తీగని తిప్పుతూ కూర్చున్నావా? నా కోసమా? జాలైతే నాకొద్దు. నేను అడిగానా?

సరే. రేపు వాడి క్లిప్పు వాడి సంచిలో పెట్టేస్తాను. నెత్తిన పెట్టుకుని ఊరేగమను. శనివారం తర్వాత ఆ గిటారుకి చీపురు కట్టుకున్నా నాకేం?

ఏం చేస్తున్నావు? అది కుదిరింది, ఎందుకు తిప్పావు? ఎర్రగా అయింది. ఆ, ఇప్పుడు పచ్చ. మళ్ళీ ఎరుపు. మనోంగ్, నావైపు అలా ఏం చూస్తావు? ఆ తల ఊపడం నాకు తెలుసు.

ఆ ఖాళీ నన్ను పూడ్చమంటున్నావా? ఇక్కడ ఎవరున్నారని చెప్పను? మీ ఆవిడ, రెండు కోళ్ళు.

సరే. అమ్మలారా, అయ్యలారా. చూశావా, అయ్యలారా దాకా వచ్చాను. మా మనోంగ్‌కి చెవులు రెండు...

ఊహూ, అది కాదు. ఇంకోటి చెప్తాను. ఆగు, దొరకనీ. నువ్వు తిప్పుతూ ఉండు.