ఏడో నంబరు సంచీ

ఆ ఉత్తరం మడిచి లోపల పెట్టక్కా! "అవతలి ఒడ్డున ఉన్న బడిని తరలించనక్కర్లేదు" అట. కింద గుండ్రటి ముద్ర! నువ్వేమో హెడ్‌మాస్టరమ్మవి, అది చదివి పిల్లల చేత చప్పట్లు కూడా కొట్టించావు.

ఆ ఆఫీసర్లు ఎలా తేల్చారో తెలుసా? ఈ ఒడ్డున ఫ్యాక్టరీలో అమ్మోనియా ట్యాంకు పగిలితే ఆ విషపు గాలి నీళ్ల మీదుగా ఎంత దూరం పోతుందో కంప్యూటరు ముందే చెబుతుందట. అది నిజం చెబుతోందో లేదో చూడ్డానికే కదా మా పడవలు పెట్టుకుంది! ట్యాంకు పక్కన వాసనా హానీ లేని గ్యాసు వదిలేవారు. మేం నీళ్లమీద తలో చోటా ఆగి, సంచుల్లోకి గాలి పట్టేవాళ్లం. సంచుల్లో ఉన్నదీ, కంప్యూటరు చెప్పిందీ సరిచూసుకోవడం. అంతే.

బాగానే ఉంది. కానీ ఎప్పుడు? రోజూ పదిన్నరకి! దొరలకి తెల్లారేది అప్పుడేగా. నున్నటి గడ్డాలు, ఇస్త్రీ చొక్కాలు... ఛీ! అప్పటికి ఎండెక్కి గాలి చెదిరిపోతుంది. నాలుగింటికి లేచేవాణ్ణి, నాకు తెలీదూ? పొద్దున్నే నా ఇంజను పొగ పైకి లేవదక్కా. దుప్పటి పరిచినట్టు నీళ్లమీదే పాక్కుంటూ మీ బడి మెట్లదాకా పోతుంది.

పైనుంచి ఎవరో పెద్దాయన చూడ్డానికొస్తున్నాడని ఒక్కరోజు మాత్రం ఆరింటికే మొదలెట్టారు. మీ రేవు దగ్గర నేను పట్టిన ఏడో నంబరు సంచీ నిండా గ్యాసే! కంప్యూటరేమో అక్కడికి పిసరు కూడా రాదంది.

మరి ఎవర్ని దిద్దాలి? కంప్యూటర్నా? అబ్బే, సంచీనే దిద్దారు! "మూతి సరిగా బిగించలేదు, పడవెక్కించకముందే గ్యాసు దూరింది" అని కాగితం రాసి, ఆ ఒక్క లెక్కా తీసి పారేశారు.

ఏంటలా చూస్తావ్? మూతి బిగించలేదని ఒప్పుకున్నదెవరనా?

నేనే.

ఇరవై రెండేళ్లలో నా చేతి ముడి ఒక్కటి జారిందా? ఆరోజూ జారలేదు.

పెద్దాఫీసరు లోపలికి పిలిచాడు. "కూర్చోండి" అన్నాడు. ఆ గదిలో ఎప్పుడూ నిలబడేవాణ్ణి నేను! మెత్తటి కుర్చీ. టీ తనే అందించాడు. తన పెన్నూ తనే ఇచ్చాడు. బెదిరించలేదక్కా. బెదిరించుంటే ఎదురుతిరిగేవాణ్ణేమో.

పిల్లలు గుర్తు రాలేదా అంటావా?

వచ్చారు. వచ్చాకే పెట్టాను సంతకం. అప్పటికి టీ ఇంకా వేడిగానే ఉంది.