క్వారీ మలుపులో చెయ్యి వదలకండి

సభకు అధ్యక్షత వహిస్తున్న శ్రీమతి డొలోరెస్ పెట్రిక్ గారికి, ఈ మధ్యాహ్నం మనందరినీ ఈ కర్లింగ్ క్లబ్బు హాల్లో చేర్చిన రేనో హాపలా మాస్టారికి, ఆయన పక్కన కూర్చుని నా మొహం కాకుండా నా చేతిలోని కాగితాలు చూస్తున్న ఆయన శ్రీమతి హిల్కా గారికి, థండర్ బే రోడ్లమీద ఎన్నో ఏళ్లుగా మోటార్ సైకిళ్లు నడుపుతున్న పెద్దలకు, మొదటి వరసలో కూర్చుని కొత్త లైసెన్సు ఉందో లేదో అని మాటిమాటికీ జేబు తడుముకుంటున్న పన్నెండు మందికి నమస్కారం.

నా పేరు ఒర్నెల్లా ఫాబ్రో. ఊరి లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తుంటాను. నిరుడు ఇదే రోజున ఆ మొదటి వరసలో నేనూ కూర్చున్నాను. మాస్టారు బండెక్కి నేర్పిన చివరి విద్యార్థుల తరఫున మాట్లాడమని అధ్యక్షురాలు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. అందులో ఒకటి వణకడానికే అయిపోయింది. (నవ్వులు)

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన కాలేజీ పార్కింగ్ స్థలంలో నారింజరంగు డబ్బాలు పేర్చి, వాటి మధ్య మనల్ని బండి మీద తిప్పారు. మొదటి రోజు నేను శిక్షణ పుస్తకం మొత్తం చదువుకుని వెళ్లాను. బండి చుట్టూ ఒకసారి తిరిగి రమ్మన్నారు. తిరిగి వచ్చాను.

"ఏం చూశావ్, లైబ్రరీ?"

"బండి చూశానండి."

"బండి నాక్కూడా కనిపిస్తోందమ్మా. టైర్లో గాలి చూశావా? చైను వేలితో కదిపావా? బ్రేకు నొక్కితే వెనక దీపం వెలిగిందా? పుస్తకంలో ఉంటే బండిలో ఉన్నట్టు కాదు. ఇంకోసారి తిరుగు."

ఆ రోజు తొమ్మిదిసార్లు తిరిగాను. టైర్ల గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలని, నడిపి వచ్చాక వేడికి ఎక్కువ చూపిస్తుందని, వదులైన చైనుకు ఎంత నూనె పూసినా అది వదులుగానే ఉంటుందని తొమ్మిదో చుట్టుకి అర్థమైంది. ఇప్పటికీ ఇంటిముందు బండి చుట్టూ తిరుగుతుంటే మా అమ్మ కిటికీలోంచి, "దానికి ప్రదక్షిణాలు అయ్యాక కాస్త చర్చికి కూడా రా తల్లీ" అంటుంది. (నవ్వులు)

ఈ ఏప్రిల్‌లో షెడ్డులోంచి బండి తీస్తే ఇంజను దగ్గుతోంది. గాలి వడకట్టే పెట్టె తెరిచి చూశాను. నిండా పొద్దుతిరుగుడు గింజలు. పక్కింటివాళ్లు పిట్టలకు పెట్టినవన్నీ చలికాలమంతా ఎలుకలు మోసుకొచ్చి నా బండిలో దాచుకున్నాయి. మాస్టారికి ఫోన్ చేశాను.

"అద్దె ఇస్తున్నాయా?" అన్నారు. ఆ తరవాత గొంతు మారింది. "గింజలు ఊడ్చేసి ఊరుకోకు. వైర్లు కొరికాయేమో చూడు. బ్రేకు గొట్టాలు చేత్తో తడిమి చూడు. బండి కదులుతుందా అన్నది తరవాత. ఆగుతుందా అన్నది ముందు చూసుకో."

ఇది మొదటి కాగితం. ఇక్కడితో ఆపి, ధన్యవాదాలు చెప్పి కూర్చుందామనే నిన్నటిదాకా అనుకున్నాను. రెండో కాగితం ఇవాళ పొద్దున రాశాను. చదవగలనో లేదో తెలియదు.

అదిగో, ఆ బహుమతుల బల్ల మీద నీలం రిబ్బను కట్టిన రబ్బరు చాప ఉంది. టైర్ల కొట్టు లాయిడ్ గారు తెచ్చారు, మాస్టారి ఇంట్లో ఆవిరిస్నానం చేసే సౌనా గది మెట్ల మీద వేసుకోమని. ముప్ఫై ఏళ్లు బండి మీంచి పడని మనిషి నిరుడు వసంతంలో మూడు మెట్ల మీంచి జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నారని, ఇక క్లచ్ పట్టే బలం ఆ చేతికి రాలేదని, అందుకే ఇవాళ పాఠాలు మానేసి సెలవు తీసుకుంటున్నారని మనందరికీ తెలుసు. ఇంతకుముందు మాట్లాడిన వారిలో ముగ్గురు ఆ మెట్ల మీద జోకులు వేశారు. మాస్టారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

(హాపలా: "అమ్మాయ్, టైమవుతోంది. పిల్లలు బయల్దేరాలి. కూర్చో.")

కూర్చోను మాస్టారూ. మీ మాట కాదనడం ఇదే మొదటిసారి. బయల్దేరాలి గనకే చెబుతున్నాను.

(హిల్కా: "చెప్పనివ్వండి. చెప్పెయ్ తల్లీ. నా మెట్లకి ఏడాదిగా చెడ్డపేరు.")

ఆయన మెట్ల మీద జారలేదు. నావల్ల పడ్డారు.

మన ఊరి ఆనవాయితీ మీకు తెలుసు. లైసెన్సులు ఇచ్చిన రోజు మూడు గంటలకి కొత్తవాళ్లు ఒకరి వెనక ఒకరు సరస్సు రోడ్డు మీద బయల్దేరతారు. పాతవాళ్లంతా ఎదురుగా వస్తూ పలకరిస్తారు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, మోకాలి దాకా దించి, రెండు వేళ్లు చూపిస్తారు. నువ్వూ మాలో మనిషివే అన్నట్టు. ఆ పలకరింపు కోసమే నేను లైసెన్సు తీసుకున్నానేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. కొత్త మనుషులతో మాట్లాడటం నాకు చేతకాదు. ఇక్కడ మాట్లాడక్కర్లేదు, రెండు వేళ్లు చాలు.

నిరుడు నేను వరసలో చివర ఉన్నాను. నా వెనక మాస్టారు. ఎదురొచ్చిన ప్రతి ఒక్కరికీ చెయ్యి దించాను. సిస్టర్ల స్కూల్లో పదకొండేళ్లు చదివినదాన్ని. ఎవరైనా పలకరిస్తే బదులివ్వకపోవడం ఎంత తప్పో సిస్టర్ కాజిమీరా మాకు చెప్పిన తీరు అలాంటిది. పాత క్వారీ మలుపు తిరుగుతుండగా చిట్టచివరి బండి ఎదురొచ్చింది. ఆయన చెయ్యి దించారు. ఆయన ఈ హాల్లోనే ఉన్నారు, ఆయన తప్పు ఏమీ లేదు. నేను మలుపు మధ్యలో చెయ్యి వదిలాను. వదలడమే కాదు, మర్యాదగా ఆయన వైపు చూశాను. కళ్లు ఎటు పోతే బండి అటే పోతుందని మాస్టారు వందసార్లు చెప్పారు. బండి అటే పోయింది. చలికాలంలో మంచు మీద చల్లిన ఇసుక ఆ మలుపులో ఇంకా ఊడ్వలేదు. ముందు చక్రం దానిమీదికి వెళ్లింది. అంతే.

నేను రోడ్డు మధ్యలో పడి ఉన్నాను. చేతికి తొడుగులు ఉన్నాయి గనక అరచేతులు మిగిలాయి. మాస్టారికి రెండే దారులు, నా మీంచి వెళ్లడమో, రోడ్డు పక్క కాలవలోకి వెళ్లడమో. ఆయన కాలవలోకి వెళ్లారు.



ముందు వెళ్తున్నవాళ్లు వెనక్కి చూడలేదు. ఎదురొచ్చినాయన మలుపు దాటిపోయారు. నేను కాలవలోకి దిగేసరికి మాస్టారు తన చెయ్యి చూసుకోవడం లేదు. "లేచి నిలబడగలవా? మెడ తిప్పు. ఇటు. ఇప్పుడు అటు" అన్నారు. ఫోన్ చేస్తే హిల్కా గారు ట్రక్కు వేసుకొచ్చారు. ట్రక్కులో కూర్చున్నాక ఆయన అన్నారు: "నేను సౌనా మెట్ల మీద జారాను. విన్నావా? నువ్వు రేపు మళ్లీ బండెక్కాలి. ఊరంతా నీ వంక అదోలా చూస్తుంటే ఎక్కలేవు."

నేను సరేనన్నాను. అది కూడా మర్యాదగానే.

మర్నాడు ఎక్కాను. ఊళ్లో ఎవరూ నా వంక అదోలా చూడలేదు. ఏడాదిగా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడదు. ఈ ఏడాది కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పిన మాస్టారు పలకరింపు నేర్పలేదు. ఎప్పుడూ ఆఖరి గంటలో మిఠాయి పంచినట్టు నేర్పేవారు కదా, ముసలాయనకి చిరాకు ఎక్కువైందని కొందరు అనుకున్నారు. చిరాకు కాదు. నేర్పకపోతే చెయ్యరేమో అని ఆశపడ్డారు. కాని ఇందాక కాఫీ దగ్గర చూశాను, ఈ పన్నెండు మందీ ఒకరికొకరు చెయ్యి దించుతూ అభ్యాసం చేసుకుంటున్నారు. మూడింటికి ముప్ఫై మంది వీళ్లకి ఎదురొస్తారు. ఇసుక ఇంకా అక్కడే ఉంది. పొద్దున వెళ్లి చూసి వచ్చాను. చూశాకే రెండో కాగితం రాశాను.

మాస్టారు తల దించుకున్నారు. నన్ను క్షమించండి మాస్టారూ. మీరు నాకోసం ఆడిన అబద్ధం నాకు చాలా సాయం చేసింది. వీళ్లకి చెయ్యదు.

(లాయిడ్ లేచి, బహుమతుల బల్ల మీంచి రబ్బరు చాప తీసి చంకలో పెట్టుకుని: "నా చీపుర్లు కొట్లోనే ఉన్నాయి. మూడు కాదు, మూడున్నరకి బయల్దేరండి.")

(అధ్యక్షురాలు: "మూడున్నర. అలాగే.")

ధన్యవాదాలు లాయిడ్ గారూ. ఊడ్చినా ఇసుక పూర్తిగా పోదు. పెద్దలకు ఒక్క మనవి. తిన్నని రోడ్డు మీద ఎంతైనా పలకరించండి. మలుపులో చెయ్యి దించకండి. మీరు దించితే బదులివ్వకుండా ఉండటం కొత్తవాళ్లకి ఎంత కష్టమో మీరు మరిచిపోయి ఉంటారు. ముందు వరసవారికి: బదులివ్వనందుకు ఈ రోడ్డు మీద ఎవరూ నొచ్చుకోరు. మాస్టారు ఆ కాలవలో కూర్చుని నాతో అన్న మాట కూడా చెబుతాను. "వాడికి చెయ్యి బాకీ లేవమ్మా నువ్వు. ఇంటికి చేరడమే బాకీ."

ఇవాళ వరస చివర మాస్టారు ఉండరు. ఎవరో ఒకరు ఉండాలి గనక నేను ఉంటాను. నాకు భయంగానే ఉంది. టైర్లు చూశాను, చైను చూశాను, బ్రేకు దీపం రెండుసార్లు చూశాను, మూడున్నర లోపు మళ్లీ చూస్తాను.

హిల్కా గారికి, మీ మెట్లకి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు ఇవాళ హిల్కా గారి ట్రక్కులో క్వారీ దగ్గరికొచ్చి నిలబడతారని నాకు తెలుసు. మీరు చెయ్యి ఊపుతారు కూడా, ఎడమది రాకపోతే కుడిది. నేను మీ వైపు చూడను. నా రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి. అదే నా నమస్కారమని గుర్తుపట్టండి.

సెలవు.